అతర్కితగానము: రసపోషకమా, రసభంజకమా?

సంగీతముతో సంబంధము లేని కథయందు, మాటలతోడనే నడచుచున్న రంగమున, ఒక పాత్ర హఠాత్తుగా గొంతెత్తి పాడుటయు, చుట్టు నున్నవారు క్రమముగా దానితో గొంతు కలుపుటయు నాటకములందును చలనచిత్రములందును గానవచ్చుచున్నది. ఇట్టి గానమునకు నేనీ వ్యాసమున ‘అతర్కితగాన’మని పేరిడుచున్నాను. ప్రేక్షకుడు ముందుగా నూహింపనిది యని యర్థము. ఇది రసమును బోషించునా, భంజించునా యనునది విచారణీయాంశము.

ఈ విచారమునకు గారణమైన సంగతిని మొదట జెప్పుట యుక్తము. కొన్ని యేండ్ల క్రిందట కోస్గిలో నేను బోధించు పాఠశాలయందు విద్యార్థులు వార్షికోత్సవమునకై యొక చిన్న వచననాటికను వ్రాసికొనిరి. వానలు లేక చేలు బీడువడగా ఒక కుటుంబము దూరదేశమునకు మట్టిపనికై వలసపోవుట అందలి కథ. ‘పాలమూరు లేబర్’ అను మాట దేశమునందలి యానకట్టల పనులలో నెంత ప్రసిద్ధమో యెఱిగినవారికి ఈ కథ క్రొత్తది కాదు. నాటిక చివర, మూటతో బస్సు నెక్కబోవుచున్న ముసలమ్మ నాట్లపాట నెత్తికొనుననియు, కూలీలందఱు గొంతు కలుపుదురనియు వ్రాయబడి యుండెను. దిద్దుటకై ప్రతి నాయొద్దకు వచ్చినప్పుడు నేనా భాగమును ఎఱ్ఱసిరాతో కొట్టివేసి, ప్రక్కన ‘అకాండప్రథనము’ అని వ్రాసితిని. వ్రాసిన బాలిక, “సార్, మా అవ్వ బస్సెక్కేటప్పుడు ఏం మాట్లాడదు సార్, పాడుతది” అని మెల్లగా ననెను. నేను శాస్త్రమును జూపి యామె నోరు మూయించితిని. నాటిక పాట లేకయే ప్రదర్శింపబడినది. నాడు నేను జెప్పిన యుత్తరము సరియైనదేనా యను సందేహము మాత్రము నన్ను విడువలేదు. ఆ సందేహమే ఈ వ్యాసమునకు మూలము.

తెలుగువారికి ఈ ప్రశ్న విశేషముగా జటిలమైనది. ఏలనన, మన రంగస్థలమున పాట అతర్కితమగుటయే దుర్ఘటము. 19వ శతాబ్ది చివర బళ్లారియందు ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు తమ నాటకములందు పద్యములను పాటలను బ్రవేశపెట్టి రంగమున బాడించినది మొదలు, రాగయుక్తముగా బాడలేనివాడు నటుడుగా గణింపబడని కాలము వచ్చినది. తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగవిజయములను ప్రదర్శించునప్పుడు పద్యము నచ్చినచో ప్రేక్షకులు ‘వన్స్‌మోర్’ అని కేకలు వేయుటయు, నటుడు దానిని మరల బాడుటయు నందఱెఱిగినదే. మరణించిన పాత్ర లేచి కూర్చుండి, పద్యమును మరల బాడి, మరల మరణించె నను హాస్యకథ మన పల్లెలలో నేటికిని జెప్పుకొనబడుచున్నది. 1932 ఫిబ్రవరి 6వ తేదీన విడుదలయైన ప్రథమ తెలుగు టాకీ ‘భక్తప్రహ్లాద’ సయితము హెచ్. ఎం. రెడ్డి దర్శకత్వమున, సురభివారి నాటకము నాశ్రయించి వచ్చినది. నాటకములోని గానాభ్యాసము తెఱపైకి ఆ విధముగా సంక్రమించినది. అదే యేట వచ్చిన హిందీ చిత్రము ‘ఇంద్రసభ’యందు సుమారు డెబ్బది పాటలు గలవు. ఈ దేశమున పాట లేకుండుటయే వింతయయ్యెను. 1954లో తమిళమున పాటలు లేని ‘అంద నాళ్’ వచ్చినప్పుడు లోకము దానిని విశేషముగా జెప్పుకొనినది. దానిని దర్శించినవాడు ప్రసిద్ధవైణికుడు ఎస్. బాలచందర్ అగుట గమనింపదగినది. సంగీతము నెఱిగినవాడే సంగీతమునకు దావు గాని చోటును గుర్తింపగలిగెను.

ఇట్లుండగా, మన చిత్రములందు పాట అతర్కితమెట్లగును? ఇచట రెండపేక్షలను వేఱుచేయవలెను. సినిమా యన్నంతనే పాట లుండుననుకొనుట ప్రయోగాపేక్ష. ఈ కథలో, ఈ పాత్ర, ఈ క్షణమున బాడుననుకొనుట కథాపేక్ష. పంట యెండి కుమిలిపోవుచున్న నాయకుడు మఱుక్షణమున మంచుకొండలపై నాయికతో బాడుచుండగా జూచి మన మాశ్చర్యపడము. అది ప్రయోగాపేక్షచే వచ్చినది గాని కథాపేక్షచే వచ్చినది కాదు. దానికి కథలో స్థానము లేదు, సినిమాలో స్థానము గలదు. నేను విచారింపబూనినది దీనికి విపరీతమైనది. పాటకు ప్రయోగమున స్థానము లేనిచోట, కథయే దానిని బుట్టించినప్పుడు ఏమగునని ప్రశ్న.

శాస్త్రకారు లీ విషయమున నేమనిరో చూతము. భరతముని నాట్యమునకు గీతమును శయ్యగా బేర్కొని, నాటకమునందు బాడదగిన ధ్రువలను ఐదింటిని విభజించెను. పాత్ర ప్రవేశించునప్పటిది ప్రావేశికి. నిష్క్రమించునప్పటిది నైష్క్రామికి. నడచుచున్న క్రమమును దాటి, ద్రుతలయతో వచ్చి, రసాంతరమును దెచ్చునది ఆక్షేపికి. అట్లు కలతవడిన రంగమును దేర్చునది ప్రాసాదికి. పాత్ర మూర్ఛిల్లినప్పుడును, మత్తుగొన్నప్పుడును, వస్త్రాభరణములను సవరించుకొనునప్పుడును ఏర్పడు నెడమును గప్పునది ఆంతర. ఇందు మన ప్రకృతమునకు దగినది ఆక్షేపికి. క్రమోల్లంఘనము దానికి దోషము కాదు, లక్షణము! అతర్కితముగా వచ్చుటయే దాని పని. నేను విద్యార్థుల ప్రతిపై ఎఱ్ఱసిరాను బ్రయోగించునప్పుడు ఈ యంశము నాకు స్ఫురింపకపోవుట నా యనవధానమే.

అయితే అదే ముని, గానము కూడని ప్రవేశములను గూడ జెప్పెను. పాత్ర యేడ్చుచు వచ్చునప్పుడును, సంభ్రమముతో బరుగెత్తి వచ్చునప్పుడును, ఉత్పాతము సంభవించినప్పుడును ధ్రువను బాడరాదని నిషేధము. దీనినిబట్టి దుఃఖసమయమున పాట యనుచితమని పూర్వపక్షులు వాదింతురు. నేనును అట్లే వాదించితిని. కాని ధ్రువలు సాధారణముగా పాత్రలు పాడునవి కావు. వేదికయందు కూర్చున్న గాయకులు పాత్ర తరపున బాడునవి. ఏడ్చువాని ప్రక్కన మఱియొకడు వాద్యములతో బాడుట అనుచితమనియే మునియాశయముగా నాకు దోచుచున్నది. ఏడ్చువాడే పాడుట వేఱు సంగతి.

ఇక ఆలంకారికుల మాట. మమ్మటాచార్యుడు రసదోషములలో ‘అకాండే ప్రథనము’ను బేర్కొనెను. సమయము గాని సమయమున నొక రసమును విస్తరించుట యని దానియర్థము. వేణీసంహారము ద్వితీయాంకమున, వీరులనేకులు నశించుచున్న సమయమున, దుర్యోధనునకు భానుమతితో శృంగారమును వర్ణించుట దీనికి బ్రసిద్ధోదాహరణము. ఇచట దోషము శృంగారము వచ్చుటవలన గాదు, అది యేమియు జేయక పోవుటవలన. ఆ శృంగారమును దీసివేసినను యుద్ధము అట్లే సాగును.

దీనికి బ్రత్యుదాహరణముగా శాకుంతలము పంచమాంకమును జూడుడు. దుష్యంతుడు రాజకార్యములతో నలసి కూర్చుండగా, తెఱవెనుక హంసపదిక పాడును. ఆ పాట రాజును గూర్చినదే, ఉపాలంభముతో గూడినదే. రాజు దాని యర్థమును దెలిసికొనియు, ఇష్టజనవిరహము లేకయే తనకేల యీ కలత గలుగుచున్నదని యాశ్చర్యపడును. శాపముచే మఱచిన మనస్సులో నున్నదానిని మాట తట్టలేదు, పాట తట్టినది. మఱుక్షణమున శకుంతల వచ్చుచున్నది. ఈ పాటను దీసివేసినచో అంకము నిలుచును గాని, ప్రేక్షకుని హృదయమున నుండవలసిన యార్ద్రత పోవును. అట్లే విక్రమోర్వశీయము చతుర్థాంకమున పురూరవుడు ఊర్వశిని గోల్పోయి వనమున దిరుగునప్పుడు వచ్చు అపభ్రంశగీతములు గలవు. అవి కాళిదాసకృతములా, ప్రక్షిప్తములా యని పండితులలో వివాదమున్నది. ఎవరివైనను, సంస్కృతమున మాటలాడు రాజుయొక్క యున్మాదమునకు మఱియొక భాషయు, మఱియొక గొంతును గావలసివచ్చెనని యెవరో సహృదయుడు గుర్తించిన మాట నిజము.

పై యుదాహరణములనుండి మూడు పరీక్షలను గ్రహింపవచ్చును. మొదటిది, అధికారము: పాడువానికి ఆ పాట కథలో దక్కినది కావలెను. రెండవది, వాగ్రోధము: మాట చేయగల పనిని పాట చేయరాదు, మాట యాగినచోటనే అది పుట్టవలెను. మూడవది, పరిణామము: పాట ముగిసిన పిదప కథ పాటకు పూర్వమున్న చోటనే యుండరాదు. ఈ మూడును గుదిరినచో అది ఆక్షేపికి. కుదురనిచో అకాండప్రథనము.

ఈ పరీక్షలు మన దేశమునకే చెల్లునా యను శంకకు పరదేశచిత్రములను గొన్నింటిని జూతము. మైకేల్ కర్టిజ్ దర్శించిన ‘కాసబ్లాంకా’ (1942) ప్రేమకథ, యుద్ధకథ. సంగీతకథ కాదు. మొరాకో దేశమున ఒక పానశాలలో జర్మను సైనికాధికారులు తమ దేశభక్తిగీతమును బాడుచుందురు. ఫ్రాన్సు పరాజితమై యున్నది. శరణార్థులు నోరెత్తలేరు. అపుడు లాజ్లో యను నాయకుడు వాద్యకారులయొద్దకు బోయి ఫ్రెంచివారి జాతీయగీతమును వాయింపుడనును. పానశాల యజమాని తల యూపును. కూర్చున్నవారందఱు లేచి పాడి, జర్మనుల పాటను ముంచివేయుదురు. వెంటనే పానశాల మూయింపబడును, లాజ్లో ప్రాణమునకు అపాయము పెరుగును. అధికారము గలదు, వాగ్రోధము గలదు, పరిణామము గలదు.

స్టాన్లీ కుబ్రిక్ తీసిన ‘పాత్స్ ఆఫ్ గ్లోరీ’ (1957) ఇంకను నిష్ఠురమైనది. అందు ముగ్గురు ఫ్రెంచి సైనికులు అన్యాయముగా తమవారిచేతనే కాల్చి చంపబడుదురు. పిమ్మట ఒక సత్రమున, చెఱపట్టబడిన జర్మను యువతిని సైనికులయెదుట నిలిపి పాడుమందురు. వారు మొదట వెక్కిరించి కేకలు వేయుదురు. ఆమె భయముతో దన భాషలోని పాట నెత్తికొనును. కేకలు క్రమముగా నడగును. మాటలు తెలియనివారు సయితము రాగమును మాత్రము కూనిరాగముగా దీయుచు గన్నీరు పెట్టుదురు. బయట నిలిచి విన్న సైన్యాధికారికి, దళమును మరల యుద్ధరంగమునకు బంపుమని యాజ్ఞ వచ్చును. ఆతడు వారికి మఱి కొన్ని నిమిషములు గడు విమ్మనును. శత్రుభాషలోని పాట శత్రువులచే బాడబడుట! సాధారణీకరణమునకు ఇంతకంటె నుదాహరణము వెదకనేల?

అకిరా కురొసావా ‘ఇకిరు’ (1952) యందు, ముప్పదియేండ్లు కాగితముల నడుమ గడపిన వాతనాబె యను నుద్యోగి తనకు మరణము సమీపించినదని తెలిసి, ఒక రాత్రి విలాసశాలలో తన యౌవనమునాటి పాత పాటను బాడును. నాట్యమాడువారు నిలిచిపోవుదురు. అప్పుడా పాటలో భయమే యున్నది. చిత్రము చివర, పిల్లలకై తాను పోరాడి కట్టించిన తోటలో, మంచు కురియుచుండగా ఊయలపై గూర్చుండి యాతడు అదే పాటను మరల బాడును. ఇప్పుడందు శాంతి యున్నది. మొదటిది ఆక్షేపికి, రెండవది ప్రాసాదికి యని నేననిన భరతముని కాదనడని నా నమ్మకము.

ఇక మన తెలుగు రచనలు. గురజాడవారి కన్యాశుల్కము 1892లో బ్రదర్శింపబడి, 1897లో ముద్రితమై, 1909లో విస్తరింపబడినది. అది ప్రధానముగా వచననాటకము. అందు పాట వచ్చినచో పాత్ర నోటనే వచ్చును. పి. పుల్లయ్యగారి దర్శకత్వమున 1955లో అది చిత్రమైనప్పుడు, గురజాడవారిదే యైన పూర్ణమ్మ కథాగేయమును, శ్రీశ్రీ రచనయైన ‘ఆనందం అర్ణవమైతే’ యను దానిని అందు జేర్చిరి. మొదటిది ముదుసలికి అమ్ముడుపోయిన బాలిక కథ గావున నాటకహృదయమునకు సన్నిహితమైనది. రెండవది మధురమైన గేయమే, సందేహము లేదు. కాని ఆ భాషయు నాభావమును 20వ శతాబ్దపు నవ్యకవివి. మధురవాణికి వానిపై నధికారము తక్కువ. ఇట్లు పాట గుణవంతమైనను, మన మొదటి పరీక్షయందు నిలువకపోవచ్చును.

మూడు పరీక్షలయందును నిలిచిన చిత్రముగా నేను ‘మాభూమి’ (1979)ని బేర్కొందును. కిషన్ చందర్ ఉర్దూనవల ‘జబ్ ఖేత్ జాగే’ ఆధారముగా, బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథులు నిర్మింపగా, గౌతమ్ ఘోష్ దీనిని దర్శించెను. 1946 మొదలు 1951 వఱకు సాగిన తెలంగాణ సాయుధపోరాటము అందలి వస్తువు. రామయ్య యను పేదరైతు కొడుకు దొరల గడీకి ఎదురుతిరిగిన కథ. నాయికానాయకుల యుగళగీతములు లేవు, నృత్యములు లేవు. అట్టి చిత్రమున నొకచోట, గొంగడి భుజమున వైచుకొని గద్దర్ గ్రామస్థుల నడుమ నిలిచి ‘బండెనక బండి కట్టి’ యను పాట నెత్తికొనును, జనులు వంతపాడుదురు. ఈ పాట చిత్రమునకై వ్రాయబడినది కాదు. పోరాటకాలముననే బండి యాదగిరి కట్టినది. నల్లగొండ సీమవాడగు సుద్దాల హనుమంతు వ్రాసిన ‘పల్లెటూరి పిల్లగాడా’ సయితము ఆ కాలముదే, ఈ చిత్రముననే యున్నది. గడీ యెదుట మాటలాడనేరని జనులకు వంతపాడుట తెలియును. ఒకడు మాట యనినచో వాడొక్కడే దండింపబడును. పాటలో ఎవరి గొంతు ఎవరిదో తెలియదు. సహగానముయొక్క బలమంతయు నిచటనే యున్నది.

ఆ చిత్రమును నేను బాల్యమున, పదియేండ్ల ప్రాయమున, ఊరి వెలుపలి డేరా టాకీసులో జూచితిని. ఆ పాట వచ్చినప్పుడు మా వీథిలోని యొక వృద్ధుడు, ఎన్నడును ఎవరితోడను ఎక్కువ మాటలాడనివాడు, తెఱపై వారికంటె ముందుగనే వంత నందుకొనెను. ఆయన ప్రక్కవారును, వారి ప్రక్కవారును గొంతు కలిపిరి. ఇంటికి బోవునప్పుడు నేను, “తాతా, నీకీ పాట ఎట్ల వచ్చు?” అని యడిగితిని. ఆయన, “వచ్చుడేంది బిడ్డా, మర్చిపోయిన అనుకున్న” అనెను. 1948 సెప్టెంబరునకు బూర్వము మా సీమలో జరిగినవానిని గూర్చి ఆయన యెన్నడును జెప్పలేదు. నేనును ఆ రాత్రిని మఱచితిని. వ్యాకరణమును, అలంకారశాస్త్రమును జదివిన పిదప దానిని దలచుకొనుటకు నాకు దీరికయే లేకపోయినది. హంసపదిక పాటను వందసార్లు బోధించిన నేను, డేరాలో నా ప్రక్కననే దుష్యంతుని కలత వంటిది చూచితినని గ్రహించుటకు ఇన్నియేండ్లు పట్టినది.

ఇటీవలి యుదాహరణము వేణు ఎల్దండి దర్శించిన ‘బలగం’ (2023). ఇందు వేఱు పాటలు గలవు గావున ఇది గేయరహితచిత్రము కాదు. అయినను చివరి పాట మన విచారణకు దగినది. ఇంటిపెద్ద కొమురయ్య మరణించును. పిండమును కాకి ముట్టదు. కొడుకులు, అల్లుడు, కూతురు పాతకక్షలతో నొకరినొకరు నిందించుకొందురు. ఎన్ని మాటలాడినను మాట మాటను బెంచుటయే గాని సంధి కుదురదు. పదునొకండవ దినమున బుడగజంగములు వచ్చి, మృతుని తరపున బాడుదురు. పాడినవారు మొగిలయ్య, కొమురమ్మ యను నిజమైన బుడగజంగకళాకారులే. మృతుని కీర్తించి పాడుట వారి కులవృత్తి గావున అధికారము నిర్వివాదము. నిందలతో మాట యడుగంటినది గావున వాగ్రోధము సిద్ధము. తోబుట్టువులు కలియుటయు, కాకి ముట్టుటయు పరిణామము. తెలంగాణ పల్లెలలో ఈ చిత్రమును ఆరుబయట తెఱకట్టి చూచి, జనులు మూకుమ్మడిగా గన్నీరు పెట్టిన సంగతి పత్రికలందఱకు దెలిపినవే.

ఇచట నొక యాక్షేపము రావచ్చును. “జనులేడ్చుటయు, వంతపాడుటయు రసమునకు బ్రమాణములా? ‘వన్స్‌మోర్’ అని యఱచినవారును జనులే గదా!” అని. ఇది బలమైన యాక్షేపమే. సమాధానమిది: ‘వన్స్‌మోర్’ అనువాడు నటుని గొంతును గోరుచున్నాడు. ఆ కేకతో కథ యాగుచున్నది, చచ్చినవాడు లేచుచున్నాడు. వంతపాడువాడు తన గొంతును ఇచ్చుచున్నాడు. వాని గొంతుతో కథ ముందునకు సాగుచున్నది. మొదటిదానిలో ప్రేక్షకుడు కథను విడిచి నటుని బట్టుకొనును, రెండవదానిలో తన్ను విడిచి కథలో జేరును. ఈ భేదమును గుర్తింపక రెంటిని నొక్కత్రాట గట్టుట మన విమర్శకులు జేసిన పొరపాటు. అందు నేనును ఒకడను.

ఇప్పుడా బాలిక నాటికను ఈ పరీక్షలకు బెట్టుదును. నాట్లపాట ఆ ముసలమ్మది, బ్రతుకంతయు బురదలో నిలిచి పాడినది. అధికారము గలదు. ఊరు విడుచు క్షణమున ఆమె యేమి మాటలాడవలెను? “పోయి వత్తు”నన్న మాట ఎవరితో ననవలెను? వాగ్రోధము గలదు. పొలములేని చోటికి బోవుచు పొలముపాటను బాడుటతో, వలస యనునది కూలికై చేయు ప్రయాణము కాదనియు, ఒక విద్యను దాని నేలనుండి పెకలించుట యనియు జూచువారికి దెలియును. పరిణామము గలదు. మూడు పరీక్షలయందును అది నిలిచినది. ‘అకాండప్రథనము’ అని నేను వ్రాసిన మాట తప్పు. అది ఆక్షేపికి.

ఆ బాలిక చదువు ముగించి మా బడిని విడిచి పోయినది. నాటిక ప్రతి మాత్రము నాయొద్ద నున్నది. పాఠశాలలలో విద్యార్థుల రచనలను దిద్దు పండితమిత్రులకు నేను విన్నవించునది యింతియే: వచనరచనయందు పాట కనబడినంతనే సిరాబుడ్డి నందుకొనక, ఆ పాట యెవరిదో, ఏ మాట యాగినందున వచ్చినదో, పిదప నేమి మాఱినదో అడుగవలెను. ఉత్తరము లేనిచో కొట్టివేయుడు. ఉత్తరమున్నచో, అది శాస్త్రమునకు లోబడినదే. శాస్త్రమును మనమింకను సరిగా జదువవలసి యుండును.